పొట్టలో కనిపించేది, ఒంటబట్టేది

అమ్మలూ,

మీ నాన్న ఫోను చేసి, "నీ మేనకోడలు చేపల పొట్టలు కోసి డాక్టరేట్ తెచ్చుకుంటుందట, నువ్వైనా చెప్పు" అన్నాడు. మాన్పించమన్నాడో, దారి చూపించమన్నాడో వాడి గొంతునిబట్టి తెలియలేదు. నాకు మాత్రం కడుపు నిండిపోయింది. ఆ వెంటనే గుండెల్లో రాయి కూడా పడింది. ఫోనులో చెబితే "సరే అత్తా, సరే అత్తా" అంటావు గానీ ఒక్క ముక్క రాసుకోవు. అందుకే ఉత్తరం.

విశాఖ ఫిషింగ్ హార్బరులో దిగే కవ్వళ్లు, కానాగంతలు, నెత్తళ్లు ఏం తింటున్నాయో రెండేళ్లపాటు చూస్తావట. మంచి పనే ఎంచుకున్నావు. సముద్రపు తిండి మెట్లలో అడుగున కంటికి ఆనని సూక్ష్మ నాచు, అంటే డయాటములు, కోట్లకు కోట్లు. పై మెట్టున కోనెం, సూర, సావళ్లు, డాల్ఫిన్లు, సముద్రపు కాకులు. మధ్యలో గుప్పెడు జాతుల చిన్న చేపలు. కిందున్న తిండిలో పైకి చేరేది చాలావరకు వీటి నోట్లో పడే చేరుతుంది. ఆ నోట్లోకి ఏం వెళ్తోందో తప్పుగా రాస్తే పైమెట్ల లెక్కలన్నీ తప్పుతాయి.

ముందు, చేప కుళ్లకుండా దాచే ఫార్మలిన్ మందు సంగతి. నవ్వకు. దుకాణంలో దొరికే ఫార్మలిన్‌లో ఫార్మాల్డిహైడ్ 37 నుంచి 40 శాతం ఉంటుంది. అది ఒక వంతు, వడకట్టిన సముద్రపు నీళ్లు తొమ్మిది వంతులు. పది శాతం ఫార్మలిన్ అనేది దీన్నే, లోపల అసలు మందు నాలుగు శాతమే. అందులో బోరాక్స్ కలుపు. కలపకపోతే ద్రవం పులిసి, సున్నంతో అయినవన్నీ, అంటే చేప చెవిరాళ్లు, చిన్న నత్తల గుల్లలు, కరిగిపోతాయి. తరవాత నువ్వు "ఈ చేప నత్తపిల్లలు తినదు" అని రాస్తావు. కలిపే పని ఆరుబయట, గాలికి వీపు పెట్టి, చేతికి నైట్రైల్ తొడుగులతో, కళ్లద్దాలతో. అది కేన్సరు తెచ్చే మందు. ఇంకోమాట, మంచినీళ్ల సీసాలో ఎప్పుడూ పొయ్యకు. హార్బరులో ఎండకు దాహమేసినవాడు ఎవరి సీసా అని అడగడు, ఎత్తి తాగేస్తాడు. వెడల్పు మూతి డబ్బాలే కొను, మూత మీద ఎర్ర రంగు పులుము, తెలుగులో "విషం" అని రాయి. ఈ ఒక్క విషయంలో నా మాట కాదన్నావంటే మీ నాన్నకు చెప్పి మాన్పించేస్తాను.

ఇక చేప. వలలో పడ్డా దాని పొట్ట పని మానదు. చచ్చాక కూడా జీర్ణరసాలు ఊరుకోవు, పొట్టగోడను కూడా తినేస్తాయి. ఐసు వాటిని నెమ్మది చేస్తుందంతే. కాబట్టి పది రోజులు సముద్రంలో ఉండి వచ్చిన బోటు చేప కూరకు బాగుంటుంది, నీకు మాత్రం పనికిరాదు. రాత్రి వెళ్లి పొద్దున్నే తిరిగొచ్చే రింగు వలల పడవలను పట్టుకో. పడవ నడిపే సరంగును మూడే అడుగు: వల ఎప్పుడు ఎత్తారు, ఎక్కడ ఎత్తారు, ఎన్ని బారల లోతు. బార అంటే ఆరడుగులు, నీ పుస్తకంలో మీటర్లలోకి మార్చుకో. "పొద్దున" అంటే ఒప్పుకోకు, గంట చెప్పించు. లాగుడు వలలో పడ్డ చేప వల తోకలో నలుగుతూ ఎదుట కనిపించింది మింగుతుంది. పొట్టలో పక్క చేపల పొలుసులు కుప్పగా దొరికితే అవి వేటలో తిన్నవి కావు, వలలో మింగినవి. వేరే గడిలో రాయి. గిల్‌నెట్‌లో రాత్రంతా వేలాడిన చేపకైతే ఖాళీ పొట్టే మిగులుతుంది. ఖాళీ పొట్టలు కూడా లెక్కలో ఉండాలి, పారేస్తే లెక్క చెడుతుంది.

ఒడ్డున చేప చేతికి రాగానే పొట్టకింద చిన్న గాటు పెట్టి మందులో వెయ్యి. తోలు మీంచి లోపలికి మందు దిగేసరికి ఆలస్యమైపోతుంది. డబ్బాలో చేపలు మూడో వంతు దాటకూడదు. చీటీ పెన్సిల్‌తో రాసి డబ్బా లోపల వెయ్యి.

జాతి పేరు విషయంలో తొందరపడకు. వేలంపాటలో "కవ్వళ్లు" అన్నది ఒక జాతి కాదు. నూనె కవ్వలులో మొప్పల దువ్వెనకు కింది కొమ్మ మీద 150 నుంచి 253 దాకా పళ్లుంటాయి. పక్కనే అదే బుట్టలో పడుండే గిబ్బోసా కవ్వలులో 45 నుంచి 59. ఒకటి జల్లెడ, ఇంకోటి కంచె. ఒకటి పిండి వడకడుతుంది, రెండోది నూక పడుతుంది. రెంటినీ కలిపేసి "కవ్వళ్ల తిండి" అని సగటు తీస్తే ఏ చేపా తినని తిండి తేలుతుంది. అన్నట్టు, కానాగంత శాస్త్రీయ నామంలో ఉన్న కానాగుర్తా అన్నది మన తీరపు పేరే. పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో చేపల బొమ్మలు గీయించి 1803లో అచ్చువేయించినప్పుడు జాలర్లు చెప్పిన పేరే రాసుకున్నాడు, అది లాటిన్‌లోకి ఎక్కింది. హార్బరులో నీకు పేర్లు చెప్పేవాళ్లను చదువులేనివాళ్లని తీసిపారేయకు.

కోత. పొడవు మిల్లీమీటర్లలో, బరువు గ్రాములో పదో వంతు దాకా. కవ్వలు పొట్టలో రెండు భాగాలుంటాయి. మొదటిది సంచి, రెండోది కోడి కందనకాయలాంటి గట్టి కండ. ఆ కండలోకి వెళ్లింది పిండైపోతుంది. సంచిలో ఉన్నదే తియ్యి, పేగు జోలికి పోకు. నిండు సంచి తూచు, ఖాళీ చేసి మళ్లీ తూచు. తీసింది పెట్రి డిష్‌లో పరిచి, కంటికి కనిపించేవన్నీ ముందు పట్టకారుతో ఏరి పక్కన పెట్టు: చిన్న రొయ్యలు, రొయ్యల్లాగే ఉండే యూఫాసిడ్లు, చేపపిల్లలు, విరిగిన కళ్లు, తోకలు. కళ్లు లెక్కపెట్టి రెండుతో భాగించు. మిగిలినదాన్ని పది మిల్లీలీటర్లకు పలచన చేసి, పిపెట్‌తో, అంటే ద్రవం పీల్చే గాజు గొట్టంతో, ఒక మిల్లీలీటరు తీసి, సెడ్జ్‌విక్ రాఫ్టర్ అనే గళ్ల లెక్కల పలకలో పోసి మైక్రోస్కోపు కింద లెక్కపెట్టు. మూడుసార్లు.

ఏరకుండా నేరుగా పలచన చేస్తే ఏమవుతుందో ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ఒక సముద్రం మొత్తం గురించి లోకం చాలాకాలం తప్పు నమ్మింది ఇలాంటి లెక్కవల్లే.

పెరూ తీరంలో ఆంచొవెటా అని ఓ చేప ఉంది, మన నెత్తళ్ల కుటుంబమే. 1970లో అక్కడ దీన్ని కోటీ ఇరవై లక్షల టన్నులకు పైగా పట్టారు. ఒకే జాతిని అంత పట్టడం లోకంలో ఇంకెక్కడా లేదు. అంత చేప ఎలా పుడుతోంది? పొట్ట కోసి చూసినవాళ్లకు పలకనిండా డయాటములే కనిపించాయి. ఓహో, ఇది నేరుగా నాచు మేస్తోంది, మధ్యలో దళారి లేడు, అందుకే ఇంత చేప అనుకున్నారు. 1969లో రైథర్ అనే ఆయన లోకంలోని సముద్రాలన్నిటి చేపల దిగుబడికి లెక్క కట్టినప్పుడు, ఇలా అడుగునీళ్లు పైకి పొంగే చోట్ల నాచు నుంచి చేప దాకా ఒకటిన్నర మెట్లే వేశాడు, మెట్టుకు 20 శాతం మిగులుతుందన్నాడు. ఆ లెక్క పాఠాల్లోకెక్కింది.

2008లో ఎస్పినోజా, బెర్ట్రాండ్ అనే ఇద్దరు 1996 నుంచి 2003 దాకా సేకరించిన 21 వేలకు పైగా పొట్టలను మళ్లీ లెక్కకట్టారు. ఈసారి తలకాయలు, అంటే ఎన్ని జీవులున్నాయన్నది కాకుండా, ఒక్కో జీవిలో ఉన్న కార్బన్‌ను, అంటే తిండి సారాన్ని, లెక్కలోకి తీసుకున్నారు. తలకాయల్లో డయాటములదే గెలుపు, ఎప్పటిలాగే. కార్బన్‌లో 98 శాతం జంతుప్లవకాలది, అంటే నీళ్లలో తేలే చిన్న జంతువులది. యూఫాసిడ్లొక్కటే 67.5 శాతం, కోపిపోడ్లు అనే నలుసంత జీవులు 26.3 శాతం. దక్షిణాఫ్రికా తీరపు నెత్తళ్ల విషయంలోనూ ఇదే తప్పు 1980ల్లో దిద్దుకున్నారు.

నీ పుస్తకంలో ఓ పేజీ తీసి ఈ లెక్క నువ్వే వేసి చూడు. అంకెలు ఉజ్జాయింపువే, పాఠం కోసం. ఒక పొట్టలో 20,000 డయాటములు, 40 కోపిపోడ్లు, ఒకే ఒక్క యూఫాసిడ్. తలకాయల లెక్కన డయాటములు 99.8 శాతం. ఇప్పుడు డయాటముకు 100 పికోగ్రాముల కార్బన్ అనుకో (పది లక్షల పికోగ్రాములు ఒక మైక్రోగ్రాము), మొత్తం 2 మైక్రోగ్రాములు. కోపిపోడ్‌కు 5 మైక్రోగ్రాములు అనుకో, మొత్తం 200. యూఫాసిడ్ ఒక్కటే ఓ మిల్లీగ్రాము, అంటే 1,000. కలిపితే 1,202. అందులో డయాటములవి వెయ్యికి రెండు వంతులు కూడా లేవు. ఇక పలచన చేసి పదో వంతే తీశావనుకో, ఆ ఒక్క యూఫాసిడ్ నీ పలకలో పడకపోయే అవకాశం పదిలో తొమ్మిది. చేపకు ఒంటబట్టిన దాంట్లో ఐదింట నాలుగు పాళ్లు నీకు కనపడనే కనపడదు!

తప్పు లెక్కలోనే కాదు, పొట్టలోనూ ఉంది. డయాటము గుల్ల గాజు, అది అరగదు. మెత్తటి జీవి త్వరగా కరిగి మాయమవుతుంది. పైగా ఆ డయాటముల్లో కొన్ని చేప తిన్నవే కావు, చేప తిన్న కోపిపోడ్ పొట్టలోవి. పిపెట్ మూతి సన్నగా ఉంటే కోపిపోడ్ అందులో దూరదు, పక్కకు తప్పుకుంటుంది, డయాటము మాత్రం హాయిగా వచ్చేస్తుంది. ఇన్నీ ఒకే వైపుకు తోస్తాయి చూడు. తప్పులు రెండు వైపులా ఉంటే ఒకదాన్నొకటి కొట్టేసుకునేవి.

మెట్టు ఒకటి పెరిగితే ఏమైంది అంటావేమో. మెట్టుకు 20 శాతమే మిగిలితే, అదే నాచు మీద చేప ఐదో వంతుకు పడిపోవాలి. మరి పెరూలో పట్టిన చేప అంతా కళ్లెదుటే ఉంది. అంటే నాచు లెక్కో, మెట్టు లెక్కో, నీళ్లలో తిరిగే యూఫాసిడ్ల లెక్కో మళ్లీ చూడాలన్నమాట. ఒక పిపెట్ మూతి దగ్గర మొదలైన ప్రశ్న అది.

అలాగని ఇది చదివి మన నూనె కవ్వలు కూడా నాచు తినదని రాసేయకు, చెవి మెలేస్తాను. అది వేరే చేప. పొడుగు పేగు, కందనకాయ, సన్న జల్లెడ, అన్నీ నాచు తినేదాని సరంజామాయే. పడమటి తీరంలో ఫ్రాజిలేరియా ఓషియానికా అనే డయాటము దండిగా ఉన్నప్పుడు నూనె కవ్వళ్లు దండిగా పడతాయని నాయర్, సుబ్రహ్మణ్యన్ 1955లోనే చెప్పారు. నువ్వు కార్బన్ లెక్కతో చూడు, వచ్చింది రాయి. ఏ తిండి ఎంత ముఖ్యమో ఒక్క అంకెలో చెప్పే సూచీలున్నాయి కదా: పింకాస్ 1971లో ఇచ్చిన సూచీ, నటరాజన్, ఝింగ్రన్ 1961లో ఇచ్చిన సూచీ, మీ గైడు అడుగుతారు కాబట్టి రెండూ వెయ్యి. కానీ పింకాస్ సూచీలో తలకాయల శాతం మళ్లీ దొడ్డిదారిన లోపలికొస్తుంది. అందుకని విడి అంకెలు కూడా పట్టికలో పెట్టు.

ఒక వలలోని 40 చేపలు 40 సాక్ష్యాలు కావు. ఒకే గుంపు, ఒకే పూట, ఒకే పంక్తి భోజనం. అది ఒక్క సాక్ష్యం. ఒక వలలోంచి 20 చాలు, మిగతా ఓపిక ఇంకో పడవ మీద పెట్టు.

కాలం కూడా చూసుకో. విశాఖ తీరంలో మార్చి నుంచి మే దాకా అడుగు నీళ్లు పైకి పొంగుతాయి. ఆంధ్రా యూనివర్సిటీలో ఉన్నప్పుడు లాఫాండ్ అనే సముద్ర శాస్త్రవేత్త 1950ల్లోనే దాన్ని కొలిచి చూపించాడు. నీకు కావలసిన ముఖ్యమైన కాలం అది. సరిగ్గా అప్పుడే, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లకు వేట నిషేధం. హార్బరు ఖాళీ. ఫిబ్రవరిలోనే తెప్పలవాళ్లతో మాట్లాడి పెట్టుకోకపోతే నీ గ్రాఫులో రెండు నెలల బొక్క పడుతుంది, రెండేళ్లూ అదే చోట.

ఐసోటోపులకు, అంటే చేప ఏ మెట్టు తిండి తిందో కండనుబట్టి చెప్పే పరీక్షకు, కండ ముక్క విడిగా చల్లటి పెట్టెలో దాచు, ఫార్మలిన్ తగలనివ్వకు. డీఎన్ఏకు కావాలంటే 95 శాతం ఆల్కహాల్. ఇంతకుమించి నీకే తెలుసు.

బోటెక్కవద్దని అనను. కానీ లైఫ్ జాకెట్ లేకుండా ఎక్కకు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండం మాట చెవినపడితే ఆ వారం ల్యాబులోనే కూర్చో. చీకట్లో జెట్టీ మీద ఐసు నీళ్లు, చేప జిగురు. రబ్బరు చెప్పులు కాదు, బూట్లు వేసుకో. ఒంటరిగా వెళ్లకు. పొద్దున్నే ఏమైనా తిని వెళ్లు, ఖాళీ కడుపుకి ఆ వాసన తిప్పుతుంది.

చిన్నప్పుడు మీ అమ్మ నెత్తళ్లు ఒలుస్తుంటే పక్కన చతికిలబడి, తల తుంచినప్పుడల్లా "ఇది ఏం తిందీ?" అని అడిగేదానివి. ఆవిడ "మట్టి" అనేది. నువ్వు నమ్మేదానివి కాదు.

మీ నాన్నతో రెండు గాజు పిపెట్లు పంపుతున్నాను. మూతి కోసి, అంచు మంట మీద నున్నన చేసినవి, నాలుగు మిల్లీమీటర్ల వెడల్పు. విరిగినవనుకుని పారేసేవు.

నీ అత్త