నాన్నగారికి తెలియకుండా మాన్పించొచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు. ఆర్టీసీలో చేసి రిటైరయ్యారు. బీపీ, షుగర్ ఉన్నాయి. రెండేళ్ల కిందట అమ్మ పోయినప్పటి నుంచి రోజూ రాత్రి క్వార్టర్ విస్కీ తాగుతున్నారు. మొన్న సీసా దాచేస్తే మర్నాటికి చేతులు వణికాయి. రెండో రాత్రి గోడ మీద పురుగులు పాకుతున్నాయన్నారు. భయపడి మళ్లీ ఇచ్చేశాం. తాగుడు మాన్పించే మాత్రలు తమ్ముడు తెచ్చాడు, సాంబారులో కలిపేద్దామంటున్నాడు. కలపమంటారా?

జవాబు: వద్దమ్మా. అలా రహస్యంగా కలిపే మాత్ర సాధారణంగా డైసల్ఫిరామ్. అది ఒంట్లో ఉండగా మద్యం పడితే ముఖం ఎర్రబడుతుంది, వాంతులవుతాయి, గుండె దడ పుడుతుంది, బీపీ పడిపోతుంది. ఈ వయసులో ప్రాణం మీదికే రావచ్చు. పేరులేని పొడి అయితే అందులో ఏముందో కూడా తెలియదు. పైగా, కూతురు పెట్టిన అన్నాన్నే అనుమానించే రోజు వస్తే ఆయన ఇంకెవరి మాటా వినరు.

సీసా తిరిగి ఇచ్చినందుకు బాధపడకండి. రోజూ మద్యానికి అలవాటైన మెదడు, ఒక్కసారిగా ఆపేస్తే తట్టుకోలేదు. ఆరేడు గంటల్లో వణుకు, చెమటలు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. ఆ తర్వాత మతి తప్పి సంధి మాటలు రావచ్చు. పురుగులు కనిపించాయంటే ఇంట్లో మాన్పించే దశ దాటింది. ఆస్పత్రిలో చేర్చాల్సిందే. అంతవరకూ మీరుగా ఆపకండి, రోజూ తాగేదానికి మించనివ్వకండి. ఈలోగా ఫిట్స్ వచ్చినా, మనుషుల్ని గుర్తుపట్టకపోయినా 108కి ఫోన్ చేయండి.

క్వార్టరంటే 180 మి.లీ. అందులో స్వచ్ఛమైన ఆల్కహాల్ సుమారు 60 గ్రాములు. వయసుతో ఒంట్లో నీటి శాతం తగ్గుతుంది కాబట్టి అదే క్వార్టర్ ఇప్పుడు ఎక్కువ ఎక్కుతుంది. తినకుండా తాగి షుగర్ మాత్ర వేసుకుంటే షుగర్ పడిపోవచ్చు, చూసేవాళ్లకు అది మత్తులాగే ఉంటుంది. తూలుతుంటే గ్లూకోమీటర్‌తో చూడండి. 70 కంటే తక్కువుంటే, మెలకువగా ఉంటేనే, చక్కెర నీళ్లు పట్టించండి.

ఆస్పత్రిలో పెద్దవాళ్లకు వణుకు, ఫిట్స్ రాకుండా ఎక్కువగా లోరాజెపామ్ అనే మందు ఇచ్చి, కొద్ది రోజుల్లో తగ్గిస్తూ ఆపేస్తారు. థయమిన్ (విటమిన్ బి1) ఇంజక్షన్ గ్లూకోజు కంటే ముందే పడాలి. ఒంట్లో మిగిలిన కాస్త బి1నీ గ్లూకోజు వాడేస్తే నడక తడబడుతుంది, జ్ఞాపకశక్తి దెబ్బతింటుంది. అందుకే నీరసంగా ఉన్నారని ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజు సెలైన్ ఎక్కించకండి. తర్వాత మళ్లీ తాగాలనే యావ తగ్గడానికి నాల్ట్రెక్సోన్ గానీ అకాంప్రొసేట్ గానీ ఇస్తారు. మొదటిదానికి లివర్, రెండోదానికి కిడ్నీ పరీక్ష ముందు చేస్తారు. ట్రామడాల్ అనే నొప్పి మాత్ర వాడేవారికి నాల్ట్రెక్సోన్ పనికిరాదు.

ఈ మాట ఉదయం టిఫిన్ అయ్యాక, మనవలు లేనప్పుడు ఎత్తండి. ‘తాగుడు’ అనకుండా, "నాన్నా, మొన్న రాత్రి పురుగులన్నప్పుడు నాకు చాలా భయమేసింది. డాక్టరుకు చూపిద్దాం" అనండి. అమ్మ లేని సాయంత్రాలు ఆయనకు ఎలా గడుస్తున్నాయో కూడా అడగండి. ఆ దిగులుకూ చికిత్స ఉంది, అది వదిలేస్తే సీసా మళ్లీ వస్తుంది.

ఎక్కడికి తీసుకెళ్లాలో మత్తు అలవాట్లు మాన్పించే హెల్ప్‌లైన్ 14446కి, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చేసి అడగవచ్చు. వెళ్లేటప్పుడు ఆయన మాత్రల స్ట్రిప్పులన్నీ ఒక కవరులో వేసుకెళ్లండి. నిద్రమాత్ర ఉంటే ముందు అదే చూపించండి. ఎంత తాగుతారని డాక్టరడిగితే ‘కొంచెం’ అనకండి, రోజుకో క్వార్టరని చెప్పండి.