స్నానం చేస్తుంటే చేతికి తగిలిన గడ్డ

ప్రశ్న: నా వయసు 27. ఫిబ్రవరిలో పెళ్లి. నెల కిందట స్నానం చేస్తుంటే కుడి వృషణం వెనక బఠాణీ గింజంత గడ్డ తగిలింది. నొప్పి లేదు. అంగం అంచు చుట్టూ సన్నటి పొక్కులు కూడా ఉన్నాయి. నేనే తప్పూ చేయలేదు. క్యాన్సరేమోనని నిద్ర పట్టడం లేదు. అమ్మకి చెప్పలేను. పెళ్లి వద్దనేయమంటారా?

జవాబు: పెళ్లి వద్దనుకోవాల్సినంత విషయం మీ ఉత్తరంలో నాకేమీ కనిపించలేదు. నెల రోజులు ఒక్కరే ఇంత భయం మోశారే, అదే బాధగా ఉంది.

గడ్డ వృషణం వెనక ఉందన్నారు. అక్కడ సహజంగానే మెత్తటి తాడులాంటి భాగం ఒకటుంటుంది. ఎపిడిడిమిస్ అంటారు. వీర్యకణాలు పక్వానికి వచ్చేది అందులోనే. రెండో వైపు కూడా తడిమి చూడండి, అలాంటిదే తగలొచ్చు. ఆ భాగంలో నీటి తిత్తులు రావడం చాలా మామూలు. వాటివల్ల సాధారణంగా ప్రమాదం ఉండదు, పిల్లలు పుట్టడానికీ అడ్డు రావు. ఎడమవైపు వానపాముల సంచిలా తగిలితే అది వేరికోసిల్, అంటే ఉబ్బిన సిరలు. వృషణం చుట్టూ నీరు చేరితే మన పెద్దవాళ్లు వరిబీజం అనేవారు.

క్యాన్సర్ గడ్డ ఎక్కువగా వృషణంలోనే, దానికి అతుక్కుపోయి, రాయిలా గట్టిగా ఉంటుంది. నొప్పి ఉండకపోవచ్చు. అందుకే 'నొప్పి లేదు కదా' అని ఊరుకోకూడదు. మన దేశంలో ఇది అరుదు. తొలిదశలో దొరికితే నూటికి 95 మందికి పైగా నయమవుతుంది. చిన్నప్పుడు వృషణం కిందికి దిగనివాళ్లు మాత్రం మరింత జాగ్రత్తగా ఉండాలి.

చేతి అంచనాతో తేల్చుకోవద్దు, నా మాటతోనూ తేల్చుకోవద్దు. ఈ వారంలోనే యూరాలజిస్టుకి చూపించండి. అల్ట్రాసౌండ్ స్కాన్‌లో అది నీటి తిత్తో, గట్టి కండో తెలిసిపోతుంది. సూది గుచ్చరు, నొప్పి ఉండదు. సూదితో నీరు తీసేస్తామని ఎవరన్నా ఒప్పుకోకండి. ఒకవేళ అది క్యాన్సరే అయితే అలా పొడిచినందువల్ల కీడు జరుగుతుంది.

ఇక ఆ పొక్కులు అంగం అంచు చుట్టూ వరసగా, ముత్యాల్లా, ఒకే సైజులో ఉన్నవైతే అవి పుట్టుమచ్చల్లాంటివే. అంటువ్యాధి కాదు, తప్పు చేస్తే వచ్చేవీ కావు. గిల్లకండి, ఆయింట్‌మెంట్లు పూయకండి. గోబీపువ్వులా పెరుగుతుంటే, పుండు పడితే మాత్రం చర్మ డాక్టరుకి చూపించండి.

ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. ఎప్పుడైనా వృషణంలో హఠాత్తుగా తీవ్రమైన నొప్పి, వాంతులు వస్తే తెల్లారేదాకా ఆగొద్దు. అది మెలిపడి ఉండొచ్చు, ఆరు గంటల్లోపు ఆపరేషన్ జరిగితే నిలిచే అవకాశం చాలా ఎక్కువ, ఆలస్యమయ్యేకొద్దీ తగ్గిపోతుంది. సిగ్గుపడి పొద్దున చూద్దామనుకున్న కుర్రాళ్లు వృషణం పోగొట్టుకుంటున్నారు.

రోజుకి పదిసార్లు నొక్కి చూడటం ఆపండి, నొక్కినకొద్దీ నొప్పి మొదలవుతుంది. అమ్మకి చెప్పలేకపోతే మీ బావకో, అన్నయ్యకో చెప్పండి, ఆస్పత్రికి తోడు రమ్మనండి. స్కాన్‌లో ఏం వచ్చిందో నాకూ రాయండి.