పదమూడో లెవల్ దాటినంక దర్వాజలు ఆపవు

తమ్మీ,

డంజన్స్ అండ్ డ్రాగన్స్ (ఒకరు కథ నడిపితే మిగిలినోళ్లు పాత్రలై పాచికలేసి ఆడే ఆట) కోసం నువ్వు రాసి పంపిన దేవరకొండ సాహసం చదివిన. ఏడు దర్వాజలు, దర్వాజకో కాపలా, కొండ మీద మాంత్రికుడు. ఐదో లెవల్ వాళ్లకైతే మూడు ఆదివారాల ఆట. నీ ఆటగాళ్లు పదిహేనులో ఉన్నరు. ఆ ఆట ఐదో ఎడిషన్‌లో పదమూడుకే విజార్డ్ (మంత్రగాడి పాత్ర) చేతికి టెలిపోర్ట్, అంటే క్షణంలో దూరపు చోటుకు చేర్చే మంత్రం, వస్తది. నువ్వు కష్టపడి గీసిన దర్వాజలు ఎవ్వరూ చూడరు.

అట్లని "ఇక్కడ టెలిపోర్ట్ పనిచెయ్యదు" అని రాయకు. సంపాదించుకున్నది గుంజుకుంటే ఆటగాడికి కోపమొస్తది, రావాలె గూడ. ఆ మంత్రం పట్టిక తియ్యి. ఒక్కసారే చూసిన చోటుకు పోతే డీ100 (ఒకటి నుంచి వంద దాకా పడే పాచిక) మీద 43 దాకా పడితే దెబ్బలు, 74 గానీ అంతకన్న ఎక్కువ గానీ పడితేనే సరిగ్గ దిగుతరు. అదే ఆ కోట నుంచి తెచ్చిన వస్తువు ఉంటే గురి తప్పదు, కాకపోతే తెచ్చి ఆరు నెలలు దాటొద్దు. నీ మొదటి సెషన్ ఇదే. కోటలో పనిచేసి పారిపోయిన మేస్త్రి మూటలో ఒక రాయి ముక్క ఉన్నది. వాడొచ్చి ఐదు నెలల ఇరవై రోజులైంది. మేస్త్రి తమ్ముడు ఇంకా కోట లోపలే ఉన్నడు, వాణ్ని విడిపిస్తమని మాటిస్తేనే రాయి ఇస్తనంటడు.

టెలిపోర్ట్ ఏడో స్థాయి మంత్రం. పదిహేనో లెవల్ విజార్డ్‌కు ఏడో స్థాయి స్లాట్ (ఒక్కసారి మంత్రం వేసే వీలు) ఒకటి, ఎనిమిదోది ఒకటి. అంటే రోజుకు రెండే టెలిపోర్ట్‌లు. కాబట్టి ఒక్క రాత్రే మూడు చోట్ల ఆపద పెట్టు: దేవరకొండ, రాచకొండ, పానగల్లు ఉదయసముద్రం చెరువు కట్ట. ఎనిమిది గంటలు పండుకుంటే స్లాట్లన్నీ తిరిగొస్తయి, కానీ అప్పటికి కట్ట తెగుతది. ఎటు పోవాల్నో వాళ్లే కొట్లాడుకుంటరు, నువ్వు చాయ్ తాగు.

ఇగ మాంత్రికుణ్ని ఒంటరిగ కూసోబెట్టినవ్. ఐదుగురికి రౌండ్‌కు ఐదు వంతులు, వానికి ఒక్కటి. లెజెండరీ రెసిస్టెన్స్ (తన మీద పడ్డ మంత్రాన్ని తట్టుకునే వీలు) మూడుసార్లు ఇచ్చినవ్, ముగ్గురు మంత్రం వేస్తే మొదటి రౌండ్‌లోనే ఒడుస్తది. హిట్ పాయింట్లు (ఎన్ని దెబ్బలు ఓర్చుకుంటడో ఆ లెక్క) రెట్టింపు చేస్తే పోరు సాగుడే తప్ప కష్టం పెరగదు. మూడు లెజెండరీ యాక్షన్లు (తన వంతు కాకున్నా చేసే పనులు) ఇయ్యి, ఆటగాళ్ల వంతుల చివర ఒక్కోటి వాడుతడు. కౌంటర్‌స్పెల్ (ఎదుటోళ్ల మంత్రాన్ని ఆపే మంత్రం) తెలిసిన శిష్యులు ఇద్దరుండాలె, మంత్రం వేసేటోళ్లకు 60 అడుగుల లోపల్నే, కానీ పక్కపక్కన వద్దు. ఫైర్‌బాల్ మంత్రం పడ్డచోటు చుట్టూ 20 అడుగులు కాలుస్తది.

చచ్చినోళ్లను లేపుడు ఆపకు. లేపే మంత్రం రైజ్ డెడ్‌కు 500 బంగారు నాణేల వజ్రం ఖర్చయితది, ఆ వజ్రాలు ఎవరి దగ్గర దొరుకుతయో రాసిపెట్టుకుంటే చాలు.

మ్యాప్ మళ్ల గియ్యకు. మేస్త్రికి పేరు పెట్టి, మూడు చోట్ల ఏ గంటకు ఏమైతదో ఒక్క పేజీలో రాసి పంపు.