చిట్టీ పాడుకున్నది స్నేహితుడు, జీతంలో కోత నాకా?

ప్రశ్న: నేను ప్రభుత్వ ఉపాధ్యాయుడిని. రెండున్నరేళ్ల క్రితం మా బడిలోనే పనిచేసే మిత్రుడు పది లక్షల చిట్టీ పాడుకుంటే, మరో ముగ్గురితో కలిసి షూరిటీ సంతకం పెట్టాను. నెలకు 20,000 చొప్పున 50 నెలల చిట్టీ. 31 కిస్తులు కట్టి ఆపేశాడు. ఐదు నెలల బకాయితో పాటు మిగిలిన 14 కిస్తులూ ఒకేసారి కట్టాలని కంపెనీ కేసు వేసింది. చిట్స్ డిప్యూటీ రిజిస్ట్రార్ కార్యాలయం నుంచి నాకు సమన్లు వచ్చాయి. ఆ డబ్బులో నేను రూపాయి ముట్టలేదు. అతనికి సొంత ఇల్లు ఉంది. దాన్ని జప్తు చేయకుండా ముందు నా మీదకు రావచ్చా? ఇప్పుడు షూరిటీ వెనక్కి తీసుకోవచ్చా?
– ఒక ఉపాధ్యాయుడు, నల్లగొండ జిల్లా

జవాబు: రావచ్చు. వెనక్కి తీసుకోలేరు. మీకు రుచించని ఈ రెండు మాటలూ ముందే చెప్పేస్తే, చేయాల్సిన పని గురించి తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.

భారత కాంట్రాక్టు చట్టం 1872లోని 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరే విధంగా రాసుకుంటే తప్ప, అసలు బాకీదారుకు ఎంత బాధ్యత ఉందో పూచీ ఉన్నవారికీ అంతే ఉంటుంది. డబ్బు ఎవరి చేతికి వెళ్లిందన్నది చట్టం అడగదు. 'ముందు అతన్ని అడగండి' అనే వాదనకు 1968లోనే సుప్రీంకోర్టు తలుపు మూసింది. బ్యాంక్ ఆఫ్ బిహార్, దామోదర్ ప్రసాద్ కేసులో, బాకీదారు దగ్గర అన్ని ప్రయత్నాలూ అయ్యాకే షూరిటీని పట్టుకోవాలన్న షరతు చెల్లదని చెప్పింది. అప్పిచ్చినవాడు కాచుకుని కూర్చోవాల్సి వస్తే ఇక పూచీ తీసుకుని ప్రయోజనమేమిటన్నది అక్కడి తర్కం. ఇక మీ సంతకాన్ని నమ్మి చిట్టీ డబ్బు చెల్లించడం కూడా అయిపోయింది కాబట్టి, ఇప్పుడు ఉపసంహరణ లేఖ రాసినా అది కాగితం ఖర్చే.

చిట్ కంపెనీలు షూరిటీకి ఉపాధ్యాయులనే ఎందుకు కోరతాయో మీకు ఇప్పుడు అర్థమై ఉంటుంది. ఇల్లు జప్తు చేసి వేలం వేయాలంటే ఏళ్లు పడుతుంది. జీతానికైతే బిల్లు చేసే అధికారికి ఉత్తర్వు అందితే చాలు.

'నేను రూపాయి ముట్టలేదు' అన్న వాదన మీదే మీ శక్తంతా పెట్టకండి. చిట్ ఫండ్స్ చట్టం 1982లో మీకు పనికొచ్చే ఏర్పాటు ఒకటుంది. చాలామంది దాన్ని వాడుకోరు. పాడుకున్న సభ్యుడు కిస్తీలు ఎగ్గొడితే మిగిలినవన్నీ కంపెనీ ఒకేసారి అడగవచ్చు. అయితే అందుకు ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. అలా వేసిన కేసులో విచారణ తేదీ నాటికి అప్పటివరకు ఉన్న బకాయి, దానిపై ఒప్పందం ప్రకారం వడ్డీ, కేసు ఖర్చులు సభ్యుడు కట్టేస్తే, మిగతా కిస్తులు ఏ నెలవి ఆ నెల కట్టుకోమని రిజిస్ట్రార్ ఉత్తర్వు ఇవ్వాలి. అంటే 19 కిస్తులకు కలిపి 3.80 లక్షల భారం కాస్తా ప్రస్తుతానికి లక్ష రూపాయల బకాయి, దాని వడ్డీ, ఖర్చులకు దిగుతుంది. మీ మిత్రుడి చేత ఈ పని చేయించడానికే ఈ వారమంతా వెచ్చించండి. అతని దగ్గర లేకపోతే నలుగురు షూరిటీలూ తలా కొంత వేసి అతని చిట్టీ ఖాతాకు కట్టినా, తర్వాత మీ అందరి జీతాల మీద పడేదానికంటే తక్కువే. మళ్లీ కిస్తీ తప్పితే మాత్రం మొత్తం వసూలుకు కంపెనీకి దారి తెరుచుకుంటుంది.

సమన్లను పక్కన పడేయకండి. ఇలాంటి కేసుల్లో నేను ఎక్కువగా చూసిన నష్టం హాజరు కాకపోవడం వల్లే. కౌంటరు (రాతపూర్వక జవాబు) వేసి పూర్తి లెక్క అడగండి: కట్టిన 31 కిస్తులూ జమ అయ్యాయా, వడ్డీ ఒప్పందంలో రాసిన రేటు ప్రకారమే వేశారా, ముందస్తు నోటీసు ఇచ్చారా? మీకు తెలియకుండా ఒప్పందం షరతులు మార్చినా, అతను ఇచ్చిన తాకట్టును కంపెనీ వదిలేసినా ఆ మేరకు మీకు రక్షణ దొరకవచ్చు. ఆ హక్కులను వదులుకుంటున్నట్టు షూరిటీ పత్రంలో ముందే రాయించుకోవడం కంపెనీలకు అలవాటు కాబట్టి ఆ పత్రం నకలు తెప్పించుకుని చదవండి. సంతకం పెట్టిన రోజు చదివి ఉండరని నా అనుమానం. ఉత్తర్వు వ్యతిరేకంగా వస్తే అప్పీలుకు రెండు నెలలే గడువు.

సివిల్ కోర్టు ద్వారా జీతం జప్తు దాకా వెళ్తే, సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ కొంత కాపాడుతుంది. లెక్కకు వచ్చే జీతం 61,000 అనుకుంటే మొదటి 1,000 వదిలి, మిగిలిన 60,000లో మూడో వంతు, అంటే 20,000 మాత్రమే కోయవచ్చు. ఒకే డిక్రీ కింద మొత్తం 24 నెలలకు మించి కోత ఉండదు. మీ జీపీఎఫ్ (భవిష్య నిధి) జోలికి రాలేరు. ఖాళీ చెక్కు కూడా ఇచ్చి ఉంటే అది వేరే తలనొప్పి. షూరిటీ ఇచ్చిన చెక్కు తిరిగొచ్చినా నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద చెక్ బౌన్స్ కేసు నిలుస్తుందని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. అలాంటి నోటీసు వస్తే కట్టడానికి 15 రోజులే ఉంటాయి.

మీరు కట్టే ప్రతి రూపాయీ మీ ఖాతా నుంచే వెళ్లాలి, రసీదు మీ పేరునే ఉండాలి. దాన్ని మిత్రుడి నుంచి రాబట్టుకునే హక్కు కాంట్రాక్టు చట్టం 145వ సెక్షన్ ఇస్తోంది. కట్టిన నాటి నుంచి మూడేళ్లలో దావా వేయాలి. మీ వాటాకు మించి కడితే, ఒప్పందంలో వేరుగా లేనప్పుడు, మిగతా ముగ్గురు షూరిటీలూ సమానంగా పంచుకోవాలి. 3.80 లక్షలే తేలితే తలకు 95,000.

ఇంటి సంగతి. రేపే సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ధ్రువపత్రం) తీయించండి. కిస్తీలు ఆపాక ఇల్లు భార్య పేరున రాసిచ్చి ఉంటే, అప్పులవాళ్లను తప్పించుకోవడానికే చేసిన బదిలీ అని ఆస్తి బదిలీ చట్టం 53వ సెక్షన్ కింద సవాలు చేయవచ్చు. ఇల్లు ఇంకా అతని పేరునే ఉంటే, ఎంత మొహమాటమైనా సరే, మీరు కట్టబోయే మొత్తానికి దాన్ని మీ పేరున రిజిస్టరు తాకట్టు రాయించుకోండి.