2,800 డాలర్ల పాత బోటు: బేరం కుదిరే ముందు వేసుకోవాల్సిన లెక్క

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. నాకు 38 ఏళ్లు. హెచ్‌1బీ మీద ఉద్యోగం. నా భార్య ఉద్యోగం చేయడం లేదు. ఇద్దరు పిల్లలు. నెలకు చేతికొచ్చేది 8,200 డాలర్లు. ఇంటి ఖర్చులకూ, రాజమండ్రిలో అమ్మానాన్నలకు పంపేదానికీ కలిపి 6,800 పోతాయి. పిల్లల చదువుకు 500 పక్కన పెడతాం. 900 మిగులుతుంది. బ్యాంకులో 19,000 ఉన్నాయి. మార్చిలో బోనస్‌ చేతికి 8,500 దాకా వస్తుంది. చిన్నప్పుడు గోదావరి మీద లాంచీల్లో తిరిగినవాణ్ణి, సొంత బోటు ఉండాలని ఎప్పట్నుంచో కోరిక. ఇక్కడ ఒకాయన 1996 మోడల్, పదిహేడున్నర అడుగుల మోటారు బోటు ట్రెయిలర్‌తో సహా 2,800కి ఇస్తానంటున్నారు. రెండేళ్లుగా నడపలేదట. బ్యాంకు డబ్బుతో కొనేసి, రిపేర్లకు 15 నెలలు వడ్డీ లేని క్రెడిట్ కార్డు వాడి, వచ్చే వేసవిలో నాన్నగారు వచ్చేలోపు బాగు చేసుకుందామని ఉంది. తొందరపడుతున్నానా?

జవాబు: తొందరపడుతున్నారండి. కోరికలో తప్పేమీ లేదు. మీ లెక్కలో బోటు ధర ఒక్కటే ఉంది, బోటు ఖర్చు లేదు. మనవాళ్లు చారాణా కోడికి బారాణా మసాలా అంటారు కదా, పాత బోటు విషయంలో అది సామెత కాదు, అచ్చంగా జరిగే సంగతి.

మీరు రాసిన వివరాల మీద మొదటి ఏడాది లెక్క వేసి చూశాను. ఇవి నా అంచనాలు. మీ దగ్గర రేట్లు కనుక్కొని మార్చుకోండి. బోటు 2,800. టెక్సస్‌లో 6.25 శాతం సేల్స్ ట్యాక్స్, అంటే 175. టైటిల్ (బోటు మీ పేరిట ఉందని చెప్పే కాగితం), రిజిస్ట్రేషన్‌లకు ఒక 100. కొనే ముందు మెకానిక్ చేత చూపించడానికి 400. ట్రెయిలర్ టైర్లు, బేరింగులు, లైట్లకు 500. ఇంజన్, డ్రైవ్ (ఇంజన్ శక్తితో ప్రొపెల్లర్‌ను తిప్పే వెనక భాగం) సర్వీసుకు 1,100. కార్బురేటర్, పెట్రోలు పైపులు, బ్యాటరీకి 600. లైఫ్ జాకెట్లు, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్, లంగరు, తాళ్లకు 350. ఇన్సూరెన్స్ 300. నెలకు 100 చొప్పున పార్కింగ్ 1,200. రిపేర్లు అనుకున్నదానికంటే ముప్ఫై శాతం పెరుగుతాయని ఇంకో 660. అంతా కూడితే 8,185. బోటు అడుగు గట్టిగా ఉంటేనే ఈ లెక్క.

పార్కింగ్ ఎందుకంటారేమో. మీ కాలనీ హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) నిబంధనలు ఒకసారి తెరిచి చదవండి. ఇంటి ముందు డ్రైవ్‌వేలో బోటు ఉంచకూడదని చాలా చోట్ల రాసి ఉంటుంది. బోటు తెచ్చాక తీసేయమని వాళ్ల ఉత్తరం రావడం కంటే ముందే చూసుకోవడం మేలు.

ఇప్పుడు అసలు విషయం. ఆ కాలపు ఫైబర్‌గ్లాస్ బోట్లలో పైకి కనిపించేదే ఫైబర్. చాలా వాటిలో లోపల ప్లైవుడ్ ఉంటుంది. బోటు వెనక గోడను ట్రాన్సమ్ అంటారు, డ్రైవ్ బరువూ, తోపూ పడేది దాని మీదే. అడుగున పొడవునా వేసిన దూలాలూ, కాళ్ల కింద ఫ్లోరూ కూడా చెక్కవే. ఎప్పుడో ఎవరో ఒక స్క్రూ బిగించి సీలెంట్ పెట్టకపోతే, ఆ కన్నంలోంచి ఏళ్ల తరబడి నీళ్లు దిగుతాయి. పైన పెయింట్ మెరుస్తూనే ఉంటుంది, లోపల చెక్క కుళ్లిపోతూ ఉంటుంది.

నా దగ్గరకు సలహాకు వచ్చే ఒకాయన ఇలాగే 2,200కి ఒక బోటు కొన్నారు. ఆయన గ్యారేజీలో ట్రాన్సమ్‌కు కింద వైపు పెన్సిల్ ములుకంత కన్నం వేస్తుంటే నేనే టార్చిలైటు పట్టుకున్నాను. డ్రిల్లుతో పాటు వచ్చే పొట్టు పొడిగా, లేత రంగులో ఉండాలి. మాకు వచ్చింది వడకట్టాక మిగిలిన టీ పొడి. నల్లగా, తడిగా, వేలితో నొక్కితే నీరు కారింది. ఆయన మొహం చూడలేకపోయాను. పద్నాలుగు నెలలు బోటు గ్యారేజీలోనే ఉంది, కారు బయట ఎండలో ఉంది. చివరికి ట్రెయిలర్ కోసం ఎవరో 900 ఇచ్చి తీసుకెళ్లారు.

అందుకే, ఈ బోటే కాదు, ఏ పాత బోటు చూడ్డానికి వెళ్లినా చేతిలో ఒక ప్లాస్టిక్ సుత్తి ఉంచుకోండి. ట్రాన్సమ్ మీద జానెడు జానెడుకీ తట్టండి. గట్టి చెక్క టంగుమంటుంది, కుళ్లిన చోట శబ్దం మొద్దుగా వస్తుంది. ఫ్లోరు మీద మడమతో నొక్కుతూ నడవండి. ఎక్కడైనా మెత్తగా దిగితే అక్కడితో ఆపేయండి. వెనక డ్రైవ్ మీద బరువు మోపి చూడండి. ట్రాన్సమ్ ఏమాత్రం కదిలినా నమస్కారం పెట్టి వచ్చేయండి. షాపులో ట్రాన్సమ్ మార్పించాలంటే బోటు కొన్న ధర దాటిపోతుంది. సొంతంగా చేసుకుంటే మీ వీకెండ్లు నెలల తరబడి పోతాయి. పిల్లలు చిన్నవాళ్లు, ఆ వీకెండ్లకూ విలువ ఉంది.

మీరు పంపిన ఫోటోలో కనిపిస్తున్నది మెర్‌క్రూజర్ 3.0 లీటర్ ఇంజన్, ఆల్ఫా వన్ డ్రైవ్. ఇది మంచి మాటే. నాలుగు సిలిండర్ల సాదా ఇంజన్, పార్టులు తేలిగ్గా దొరుకుతాయి. అయితే అమ్మే ఆయన్ను ఒక ప్రశ్న తప్పక అడగండి: 2021 ఫిబ్రవరిలో టెక్సస్ అంతా గడ్డకట్టినప్పుడు ఈ బోటు ఎక్కడుంది, ఇంజన్‌లో నీళ్లు తీసేశారా? ఇలాంటి ఇంజన్లు మామూలుగా చెరువు నీటితోనే చల్లబడతాయి. ఆ నీళ్లు లోపల గడ్డకడితే ఇనుప బ్లాక్ పగులుతుంది. పగిలిన బ్లాక్‌కు రిపేరు చూడకండి, వదిలేయండి. మెకానిక్ చేత నాలుగు సిలిండర్లలో కంప్రెషన్ (లోపలి ఒత్తిడి) కొలిపించండి, నాలుగూ ఇంచుమించు సమానంగా ఉండాలి. డ్రైవ్ గేర్ ఆయిల్ కొంచెం బయటికి తీయించండి. అది పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే లోపలికి నీళ్లు పోయినట్టే. బెలోస్ అని రబ్బరు గొట్టాలుంటాయి, అవి చిరిగితే బోటులోకి నీళ్లు వస్తాయి. వాటికి ఎన్నేళ్లయిందో చెప్పలేకపోతే కొత్తవి వేయించాల్సిందే, నా లెక్కలో కలిపాను.

ఒక్క చోట మాత్రం డబ్బు మిగుల్చుకోవద్దు. స్టార్టర్, ఆల్టర్నేటర్ లాంటివి కారు షాపులో సగం ధరకు దొరుకుతాయి, చూడ్డానికి ఒకేలా ఉంటాయి. బోటుకు చేసినవాటిలో నిప్పురవ్వ బయటికి రాకుండా కట్టుదిట్టం ఉంటుంది. ఇంజన్ మూతపెట్టిన పెట్టెలో ఉంటుంది, పెట్రోలు ఆవిరి అక్కడే నిలుస్తుంది. స్టార్ట్ చేసే ముందు నాలుగు నిమిషాలు బ్లోయర్ (ఆ ఆవిరిని బయటికి తోసే ఫ్యాను) వేయమనేది కూడా అందుకే. పిల్లలు కూర్చునే బోటు అది.

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తాను. బోటు వెనక కుడివైపు 12 అక్షరాల హల్ నంబరు ఉంటుంది. చివరి రెండు అంకెలు మోడల్ సంవత్సరం, మీ బోటుకు 96 ఉండాలి. అది టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ ఇచ్చిన టైటిల్‌లోని నంబరుతో కలవాలి. టైటిల్ మీద పేరు, అమ్మే మనిషి ఐడీ మీద పేరు ఒకటే కావాలి. టైటిల్ పోయింది, రసీదు రాసిస్తానంటే వద్దనండి. ట్రెయిలర్ రిజిస్ట్రేషన్ వేరు, అది కౌంటీ ట్యాక్స్ ఆఫీసులో. మీ దగ్గరున్న కారు హోండా ఓడిసీ అయితే, లాగడానికి కావాల్సినవన్నీ బిగించినా అది లాగగలిగేది 3,500 పౌండ్లే. బోటు, ట్రెయిలర్, పెట్రోలు, సామాను కలిపి ఆ అంచుకు వచ్చేస్తాయి. కొనే ముందు తూకం వేయించండి.

ఇక డబ్బు ఎక్కడి నుంచి. మీ బ్యాంకులో ఉన్న 19,000 మీ ఇంటికి మూడు నెలలకు కూడా సరిపోదు. హెచ్‌1బీ మీద ఉద్యోగం పోతే ఇంకో ఉద్యోగం చూసుకోవడానికి మహా అయితే 60 రోజులు. ఆ 60 రోజుల్లో టికెట్లు, అద్దె, సామాను, పిల్లల స్కూలు అన్నీ ఒకేసారి మీద పడతాయి. ఇంట్లో రెండో జీతం లేదు. ఆ డబ్బు బోటు వైపు చూడకూడదు, ఒక్క డాలరు కూడా. మార్చి బోనస్ మొత్తం అందులోనే వేయండి. 27,500 అవుతుంది, నాలుగు నెలలు గడుస్తాయి. ఆరు నెలలకు ఉండాలని నేను గట్టిగా అంటాను, కానీ అప్పటిదాకా ఆగమంటే మీరు నా మాట వినరు. కాబట్టి నాలుగు నెలల ఖర్చుకు సరిపడా డబ్బైనా జమయ్యాకే బోటు సంగతి.

క్రెడిట్ కార్డు ఆలోచన మానుకోండి. వడ్డీ లేని గడువు 15 నెలలే, రిపేరు ఎక్కడ ఆగుతుందో చెప్పలేం. గడువు దాటాక ఇరవై శాతం పైన పడుతుంది. అంతకంటే నాకు భయం వేసేది ఇంకోటి. చేతిలో కార్డు ఉంటే, ఇంతా పెట్టాం ఇంకొంచెమే కదా అని మనిషి ఆపలేడు. 401కే రిటైర్మెంట్ ఖాతా నుంచి అప్పు తీసుకోవాలన్న ఆలోచనా వద్దు. ఉద్యోగం పోతే ఆ అప్పు కూడా మెడకు చుట్టుకుంటుంది.

ఈ అక్టోబరు నుంచి నెలకు 900 వేరే సేవింగ్స్ ఖాతాలో వేయండి, దానికి బోటు అని పేరు పెట్టుకోండి. వచ్చే అక్టోబరుకు 10,800 ఉంటుంది. అందులో 8,200 బోటుకు, 2,600 అత్యవసర నిధికి. సీజన్ అయిపోయాక, ఇంకో చలికాలం పార్కింగ్ కట్టడం ఇష్టంలేనివాళ్లు బేరానికి దిగుతారు. ఇప్పుడు చూసినదానికంటే మంచి బోటే దొరకొచ్చు. కొనే రోజునే ఒక కాగితం మీద 8,200 అని రాసి, మీరూ మీ భార్యా సంతకాలు చేసి ఫ్రిజ్‌కు అంటించండి. ఖర్చు అక్కడికి చేరాక కూడా బోటు నీళ్లలోకి దిగకపోతే ట్రెయిలర్‌తో సహా అమ్మేయాలి. ఆ తర్వాత ఏటా పార్కింగ్ 1,200, ఇన్సూరెన్స్ 300, సర్వీసు 600, పెట్రోలు 450, అంటే నెలకు 210 పైచిలుకు. అది మీ 900లో ఇముడుతుంది.

ఈ ఏడాదిలో బోటు నడపడం నేర్చుకోండి. టెక్సస్‌లో 1993 సెప్టెంబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకే బోటర్ ఎడ్యుకేషన్ కోర్సు తప్పనిసరి. మీకు అవసరం లేదు, అయినా చేయండి, భార్యాభర్తలిద్దరూ చేయండి. పదమూడేళ్లలోపు పిల్లలకు బోటు నడుస్తున్నా, ఇంజన్ ఆపి నీళ్లలో తేలుతున్నా లైఫ్ జాకెట్ ఉండాల్సిందే. ఇంజన్ ఆపే తాడు ఉంటే నడిపేవాళ్లు ఒంటికి తగిలించుకోవాలి, 2019 నుంచి అది ఇక్కడ చట్టం.

నాన్నగారు వచ్చేసరికి బోటు ఉండదని మీకు బాధగా ఉంటుంది, తెలుసు. జూన్‌లో మీ దగ్గర్లోని లేక్ లూయిస్‌విల్‌లో ఒక పాంటూన్ బోటు (గొట్టాల మీద తేలే చదునైన బోటు) సగం రోజుకు అద్దెకు తీసుకోండి. బోటు ఖాతాలోంచి 400 అందుకు వాడుకోండి, అత్యవసర నిధికి వెళ్లేది 2,200 అవుతుంది, అయినా ఆ ఖర్చుకు నేను అడ్డుచెప్పను. ఎండ ముదరకముందే బయల్దేరండి. పెద్దవాళ్లు ఎక్కేటప్పుడు ఒక చేయి మీరు పట్టుకోండి, ఆయన కొలతకు సరిపోయే లైఫ్ జాకెట్ ముందురోజే అడిగి ఉంచండి. పాపికొండల లాంచీ కబుర్లు ఆయనే మొదలుపెడతారు.