పాఠకుల ప్రశ్నలు – వైద్యుల జవాబులు: ఐదు వారాలైనా గుణం కనిపించడం లేదు, మందు మార్చాలా?

ప్రశ్న: మా తమ్ముడికి 24 ఏళ్లు. హనుమకొండలో గది తీసుకుని పోటీ పరీక్షలకు చదువుతున్నాడు. రెండేళ్లుగా చేతులు పదేపదే కడుక్కుంటున్నాడు. గదికి తాళం వేసి చౌరస్తా దాకా వెళ్లి, అనుమానంతో మళ్లీ వెనక్కి వస్తున్నాడు. మానసిక వైద్యులు ఓసీడీ (వద్దన్నా వచ్చే ఆలోచనలు, అనుమానాలతో ఒకే పనిని పదేపదే చేయించే జబ్బు) అని చెప్పి సెర్ట్రాలిన్ 50 మి.గ్రా. మొదలుపెట్టి, తరువాత 100కు పెంచారు. ఐదు వారాలు గడిచినా కడుక్కోవడం తగ్గలేదు. ఇప్పుడు 150 వాడాలంటున్నారు. మా బంధువు ఒకరు డిప్రెషన్‌కు ఇదే మందు 50 మి.గ్రా. వాడి కోలుకున్నారు. ఇన్ని గోలీలు మింగితే జీవితాంతం అలవాటైపోతాడని అమ్మ భయం. మందుల షాపులో మాత్రం నిద్ర గోలీ చాలంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, నర్సంపేట

జవాబు: మీ తమ్ముడికి మందు పనిచేయడం లేదని తేల్చడానికి ఐదు వారాలు చాలవు. డిప్రెషన్‌లో కొన్ని వారాల్లోనే తేడా తెలియవచ్చు కానీ, ఓసీడీలో ఒక మందు ఫలితాన్ని నిర్ణయించాలంటే 8 నుంచి 12 వారాలు చూడాలి, అందులోనూ చివరి నాలుగైదు వారాలైనా రోగి తట్టుకోగలిగిన పూర్తి మోతాదులో గడవాలి. ఈ జబ్బుకు సాధారణంగా డిప్రెషన్ కంటే ఎక్కువ మోతాదు అవసరమవుతుంది. సెర్ట్రాలిన్‌ను 200 మి.గ్రా. వరకు, ఇదే తరగతికి చెందిన ఫ్లూఆక్సెటిన్‌ను 80 వరకు, ఫ్లూవాక్సమిన్‌ను 300 వరకు వాడడం వైద్యంలో మామూలే. కాబట్టి మీ బంధువు మోతాదుతో పోల్చి 150 ఎక్కువని భయపడనక్కరలేదు. మీ వైద్యులు సరైన దారిలోనే ఉన్నారని నా అభిప్రాయం.

ఫలితం ఎలా ఉంటుందో ముందే తెలిసి ఉంటే నిరాశ తగ్గుతుంది. ఓసీడీలో ఒక్కసారిగా అంతా నయం కావడం అరుదు. రోజుకు మూడు గంటలు కడుక్కునే వ్యక్తి రెండు గంటలకు దిగడం, అనుమానం వచ్చినా వెనక్కి రాకుండా బస్సు ఎక్కగలగడం, ఇలా మెల్లగా మార్పు వస్తుంది. మొదటి మందుతో దాదాపు సగం మందికి చెప్పుకోదగ్గ మేలు కలుగుతుంది. మిగిలినవారికి ఇదే తరగతిలోని మరో మందుకు మార్చడం, క్లోమిప్రమిన్ అనే పాత మందు ఇవ్వడం, లేదా వాడుతున్న మందుకు తోడుగా రిస్పెరిడోన్, అరిపిప్రజోల్ వంటివాటిని తక్కువ మోతాదులో చేర్చడం వంటి మార్గాలున్నాయి. అవన్నీ తరువాతి మెట్లు. ప్రస్తుతానికి వాటి గురించి ఆలోచించాల్సిన పని లేదు.

సెర్ట్రాలిన్ మత్తుమందు కాదు. మోతాదు పెంచుకుంటూ పోవాలన్న యావ దానితో రాదు. అయితే ఒక్కరోజులో ఆపేస్తే తల తిరగడం, చిరాకు, కలత నిద్ర, తలలో కరెంటు షాకు కొట్టినట్టు అనిపించడం వంటివి రావచ్చు. ఇది చూసే చాలామంది అలవాటు పడ్డామని అనుకుంటారు. బాగైన తరువాత కూడా కనీసం ఏడాది, రెండేళ్లు కొనసాగించి, ఆపైన వైద్యుడి పర్యవేక్షణలో నెలల తరబడి కొద్దికొద్దిగా తగ్గించాలి. తొందరపడి ఆపినవారికి జబ్బు తిరగబెట్టడం సర్వసాధారణం. అలవాటయ్యే ప్రమాదం ఉన్నది నిజానికి షాపువారు సూచించిన నిద్ర గోలీలకే. పైగా అవి అసలు జబ్బును తగ్గించవు.

వికారం, విరేచనాలు, తలనొప్పి మొదటి వారాల్లో కనిపించి చాలావరకు తగ్గిపోతాయి. లైంగిక కోరిక తగ్గడం మాత్రం కొనసాగవచ్చు. యువకులు దీన్ని ఇంట్లో చెప్పుకోలేక మందే మానేస్తారు, అందువల్ల అతను వైద్యుడితో ఒంటరిగా మాట్లాడే వీలు కల్పించండి. 25 ఏళ్లలోపు వారిలో మందు మొదలుపెట్టినప్పుడు, మోతాదు మార్చినప్పుడు విపరీతమైన అశాంతి, చనిపోవాలన్న ఆలోచనలు కలుగుతున్నాయేమో గమనించాలి. గమనిస్తే అదే రోజు వైద్యుడికి చెప్పండి. రాత్రివేళ అయినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఒళ్లు నొప్పులకు డైక్లోఫెనాక్, ట్రమడాల్ వంటివి అడగకుండా కొనవద్దు. మొదటిదానితో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది, రెండోది ఈ మందుతో కలిస్తే ప్రమాదకరం కావచ్చు.

మందుతో పాటు, భయపెట్టే పనిని క్రమంగా ఎదుర్కొంటూ కడుక్కోకుండా ఆగడం నేర్పే చికిత్స కూడా జరగాలి. రెండూ కలిస్తే మేలు ఎక్కువ. ఈ చికిత్స మీ దగ్గర ఎక్కడ దొరుకుతుందో మీ వైద్యుడినే అడగండి, వరంగల్ ఎం.జి.ఎం. ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలోనూ విచారించవచ్చు.

ప్రశ్న: ఓసీడీకి క్లోమిప్రమిన్ వాడుతున్నాను. నోరు ఎండిపోతోంది, మలబద్ధకం ఎక్కువైంది. దీనికి తోడు ఇంట్లో మిగిలిన ఫ్లూఆక్సెటిన్ వేసుకుని క్లోమిప్రమిన్ మోతాదు తగ్గించవచ్చా?
– ఒక పాఠకుడు, మంచిర్యాల

జవాబు: వద్దు. ఫ్లూఆక్సెటిన్ రక్తంలో క్లోమిప్రమిన్ స్థాయిని పెంచుతుంది, అప్పుడు ఫిట్స్ రావడం, గుండె లయ తప్పడం వంటివి జరగవచ్చు. క్లోమిప్రమిన్ పాత మందే అయినా గట్టి మందు. దీన్ని రోజుకు 250 మి.గ్రా. దాటనివ్వరు. ఇంతవరకు ఈ.సి.జి. తీయించుకోకపోతే తీయించుకోండి. గ్లకోమా (కంటిలో ఒత్తిడి పెరిగే జబ్బు), ప్రోస్టేట్ సమస్య, గుండె జబ్బు ఉంటే ఆ విషయం తప్పక చెప్పండి. నీళ్లు, పీచు పదార్థాలు పెంచినా మలబద్ధకం తగ్గకపోతే మోతాదు మార్చే నిర్ణయం మీ వైద్యుడికే వదలండి. అప్పటి వరకు ప్రస్తుత మోతాదును ఉన్నట్టుండి మానవద్దు.