ఏ ఈటీఎఫ్ కొనాలి? విశాఖ నుంచి అమెరికా వెళ్లిన పిల్లలకు

"మావయ్యా, వీఓఓ కొనాలా, వీటీఐ కొనాలా, క్యూక్యూక్యూ కొనాలా?" సెలవులకి విశాఖ వచ్చినప్పుడల్లా ఎంవీపీ కాలనీలో మా ఇంటికి వచ్చే పిల్లలు అడిగే మొదటి మాట ఇదే. ఈ మూడూ అమెరికా ఈటీఎఫ్‌లు, అంటే చాలా కంపెనీల షేర్లని ఒకే బుట్టలో పెట్టి, మార్కెట్లో ఒక షేరులా కొనగలిగే ఫండ్లు. కొందరు ఎంఎస్‌కి బయలుదేరుతున్నవాళ్లు, కొందరు హెచ్1బీ వచ్చి ఏడాదో రెండేళ్లో అయినవాళ్లు. చాలామందికి తోడుగా నాన్నగారు కూడా వస్తారు. స్టీల్ ప్లాంట్‌లోనో, పోర్టులోనో, నేవల్ డాక్‌యార్డులోనో పనిచేసి రిటైరైన మనిషి. ఆయనకి తెలిసిన పొదుపు బ్యాంకు డిపాజిట్, ఎల్ఐసీ పాలసీ, ఆనందపురం వైపు ఒక స్థలం. ఆ పొదుపే ఈ పిల్లల్ని చదివించింది కాబట్టి ఆయన మాటని నేను తేలిగ్గా తీసుకోను. కాకపోతే డాలర్లలో సంపాదించి అమెరికాకి పన్ను కట్టే మనిషికి లెక్క వేరు.

అందుకే ఫండు పేరు చెప్పే ముందు నేను రెండు ప్రశ్నలు అడుగుతాను. ఈ ఏడాది నువ్వు పన్ను ఏ దేశానికి, ఏ హోదాలో కడుతున్నావు? పది పదిహేనేళ్ల తర్వాత ఎక్కడ ఉండాలనుకుంటున్నావు? వీఓఓకి, వీటీఐకి మధ్య తేడా ఇరవై ఏళ్లలో కూడా పెద్దగా ఉండకపోవచ్చు. ఈ రెండు ప్రశ్నలకి జవాబు తెలియకుండా కొంటే మాత్రం వచ్చిన లాభంలో పెద్ద భాగం పన్నుకే పోవచ్చు.

ముందుగా ఇండియా ఫండ్ల సంగతి, ఎందుకంటే మన ఊరి పిల్లలు ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడే. ఇంజనీరింగ్ అయ్యాక రుషికొండలోనో హైదరాబాద్‌లోనో రెండేళ్లు ఉద్యోగం చేస్తారు, మ్యూచువల్ ఫండులో నెలకి ఐదు వేలో పది వేలో సిప్ మొదలుపెడతారు, అమెరికా వెళ్లాక కూడా అది అలాగే నడుస్తూ ఉంటుంది. 2001 డిసెంబరులో మొదలైన నిఫ్టీ బీస్ మన దేశపు తొలి ఈటీఎఫ్. ఇండియాలో ఉండేవాళ్లకి అలాంటివి మంచి సాధనాలే. కానీ మీరు అమెరికా పన్ను లెక్కలో రెసిడెంట్ అయిన రోజు నుంచి, ఇండియాలో నమోదైన ప్రతి మ్యూచువల్ ఫండూ, ప్రతి ఈటీఎఫ్ కూడా అక్కడి పన్ను శాఖ దృష్టిలో పీఎఫ్ఐసీ. అంటే పరదేశంలో ఉన్న పెట్టుబడి కంపెనీ. దీనికి పన్ను వేసే తీరు చాలా కఠినం. మీరు అమ్మినప్పుడు వచ్చిన లాభాన్ని మీ దగ్గర అది ఉన్న సంవత్సరాలన్నిటికీ పంచుతారు. గడిచిన సంవత్సరాల వాటా మీద ఆయా ఏళ్లలో ఉన్న అత్యధిక రేటు వేస్తారు. ఇప్పుడు ఆ రేటు 37 శాతం. ఇన్నాళ్లూ ఆ పన్ను కట్టనందుకు వడ్డీ కూడా కలుపుతారు. మామూలు దీర్ఘకాలిక లాభానికి చాలామందికి పడేది 15 శాతమే. పైగా ఒక్కో ఫండుకీ విడిగా ఫారం 8621 నింపాలి. మొత్తం విలువ 25 వేల డాలర్ల లోపు ఉంటే, ఆ ఏడాది అమ్మకం, పంపిణీ లాంటివేవీ లేకపోతే ఫారం నుంచి మినహాయింపు ఉంది. అయితే అది ఫారానికి మాత్రమే. అమ్మిన రోజున పన్ను తీరు మారదు.

కాబట్టి ఇంకా విమానం ఎక్కని పిల్లలకి నా సలహా సూటిగా ఉంటుంది. అమెరికా పన్ను రెసిడెంట్ అవకముందే ఆ యూనిట్లు అమ్మేయండి. ఇండియాలో ఏడాది దాటిన ఈక్విటీ ఫండ్ల మీద, ఒక ఆర్థిక సంవత్సరంలో లక్షా పాతిక వేల రూపాయల దాకా లాభానికి పన్ను లేదు, ఆపైన 12.5 శాతం. అది కట్టేసి చేతులు కడుక్కోవడం మేలు. ఇప్పటికే అక్కడ ఉన్నవాళ్లు వెంటనే సిప్ ఆపండి. ఉన్నవాటిని ఎలా వదిలించుకోవాలో ఈ ఫారం నింపిన అనుభవం ఉన్న సీపీఏని, అంటే అక్కడి లైసెన్సు ఉన్న అకౌంటెంట్‌ని, అడగండి. అందరు సీపీఏలకీ ఇది తెలియదు, ముందే అడిగి నిర్ధారించుకోండి. నేరుగా కొన్న ఒక కంపెనీ షేరు మాత్రం సాధారణంగా ఈ గొడవలోకి రాదు.

ఇండియా ఎదుగుదలలో మనకీ భాగం ఉండాలన్న మమకారం నాకు అర్థమవుతుంది. దానికి దారి ఉంది. అమెరికాలోనే నమోదైన ఇండియా ఈటీఎఫ్‌లు ఉన్నాయి, ఐషేర్స్ వాళ్ల ఐఎన్‌డీఏ లాంటివి. అవి పీఎఫ్ఐసీ కావు. ఫండు ఏటా తీసుకునే ఖర్చు మాత్రం వీటీఐ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ, అందుకే నేను దాన్ని పోర్ట్‌ఫోలియోలో చిన్న భాగంగానే ఉంచమంటాను.

ఇక్కడే నాన్నగార్లకి ఒక మాట. డిపాజిట్‌లో కొడుకు పేరో కూతురి పేరో కలిపి జాయింట్‌గా పెడతారు కదా. అమెరికా రెసిడెంట్లకి ఇండియా ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజు 10 వేల డాలర్లు దాటినా ఎఫ్‌బార్, అంటే విదేశీ ఖాతాల వివరాల నివేదిక, అక్కడ దాఖలు చేయాలి. ఆ జాయింట్ ఖాతాలోని మొత్తం సొమ్ము కూడా పిల్లల లెక్కలోకి వస్తుంది. వాళ్లకి తెలియకుండా పేరు కలపకండి. అలాగే ప్రవాసులు ఇక్కడ రూపాయల్లో పెట్టే ఎన్ఆర్ఈ డిపాజిట్ వడ్డీకి ఇండియాలో పన్ను లేదన్నది నిజమే, అమెరికాలో ఉంది.

చదువుకోడానికి ఎఫ్1 మీద వెళ్లినవాళ్ల లెక్క మరో రకం. మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలూ సాధారణంగా పన్ను లెక్కలో నాన్ రెసిడెంట్లే. అమ్మిన ఏడాది 183 రోజులు అక్కడ ఉంటే షేర్ల లాభం మీద నేరుగా 30 శాతం పడుతుంది, డివిడెండ్ మీద రెండు దేశాల పన్ను ఒప్పందం ప్రకారం 25 శాతం. అందుకని ఆ దశలో కొంటే కొని ఉంచుకోవడమే, అమ్మడాలు కొనడాలు వద్దు. నిజానికి చదువు అప్పు పది పన్నెండు శాతం వడ్డీతో నడుస్తుంటే ముందు అది తీర్చడం ఏ ఈటీఎఫ్ కంటే మంచి పెట్టుబడి.

హెచ్1బీ వాళ్లకి ఇంకో టెన్షన్ ఉంటుంది. ఉద్యోగం పోతే చేతిలో ఉండే గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఆరు నెలల ఖర్చు విడిగా సేవింగ్స్‌లో లేకుండా మార్కెట్లో డబ్బు పెట్టకండి. లేఆఫ్‌లు వచ్చే రోజుల్లోనే మార్కెట్ కూడా పడొచ్చు, సరిగ్గా అప్పుడే నష్టానికి అమ్ముకోవాల్సి వస్తుంది. ఆ తర్వాత 401కెలో, అంటే ఉద్యోగం ద్వారా వచ్చే రిటైర్మెంట్ ఖాతాలో, కంపెనీ ఎంత కలుపుతుందో అంతవరకైనా మీ వాటా వేయండి. తర్వాత మీరు సొంతంగా తెరిచే రిటైర్మెంట్ ఖాతా రాత్ ఐఆర్ఏ, 2026కి పరిమితి 7,500 డాలర్లు, ఆదాయ పరిమితి కూడా ఉంది, చూసుకోండి. ఇవన్నీ అయ్యాకే మామూలు బ్రోకరేజ్ ఖాతా.

ఇప్పుడు అసలు ఫండ్లు. అమెరికా పన్ను రెసిడెంట్‌గా ఉన్నంతకాలం నేను చెప్పే పేర్లు మూడే, అందులోనూ ఒకటో రెండో చాలు. వీటీఐలో అమెరికా మార్కెట్ మొత్తం ఉంటుంది, చిన్నాపెద్దా కలిపి వేల కంపెనీలు. వీఓఓ ఎస్ అండ్ పీ 500 సూచీని అనుసరిస్తుంది, అంటే పెద్ద కంపెనీలు. రెండింటి ఖర్చూ ఏడాదికి 0.03 శాతం, లక్ష డాలర్లకి 30 డాలర్లు. వీటీలో ప్రపంచం మొత్తం ఉంటుంది. అందులో అమెరికా వాటా 60 శాతానికి పైన, మిగతాది జపాన్, యూరప్, చైనా, మన దేశం. ఖర్చు కాస్త ఎక్కువే అయినా అదీ చాలా తక్కువే. నన్ను ఒక్కటే చెప్పమంటే వీటీ అంటాను. చాలామంది ఒప్పుకోరు. గత పదిహేనేళ్ల లాభాలు చూపించి అమెరికా ఉండగా మిగతా దేశాలెందుకు అంటారు. 1989 డిసెంబరులో జపాన్ నిక్కీ సూచీ శిఖరం మీద ఉన్నప్పుడు అక్కడివాళ్లూ అలాగే అనుకుని ఉంటారు. ఆ స్థాయిని అది మళ్లీ దాటింది 2024 ఫిబ్రవరిలో. ఒక తరం ఉద్యోగ జీవితమంతా గడిచిపోయింది. ఏ దేశం ముందుంటుందో నేను చెప్పలేను, అందుకే ఏ దేశం మీదా పందెం కాయను. మీకు అమెరికా మీద నమ్మకం ఎక్కువైతే వీటీఐ తీసుకోండి, అది తప్పు కాదు. వీటీఐ, వీఓఓ రెండూ కొనడం మాత్రం అనవసరం, చాలావరకు అవే కంపెనీలు.

మన పిల్లల పోర్ట్‌ఫోలియోలు చూపిస్తే నాకు నిజంగా కంగారు పుట్టేది ఒక్క విషయంలో. వీఓఓ, నాస్‌డాక్ ఎక్స్ఛేంజిలోని వంద పెద్ద కంపెనీలుండే క్యూక్యూక్యూ, దానిపైన ఒక టెక్నాలజీ ఫండు, దానిపైన ఒక సెమీకండక్టర్ ఫండు ఉంటాయి. నాలుగు ఫండ్లు ఉన్నాయి కదా, డైవర్సిఫై చేశామంటారు. నాలుగింట్లోనూ పైన ఉండేది ఎన్విడియానే, మొదటి మూడింట్లో మైక్రోసాఫ్ట్ కూడా. మధురవాడలో ఒకే లేఅవుట్‌లో నాలుగు ప్లాట్లు కొన్నట్టు అన్నమాట. పైగా జీతం వచ్చేది ఐటీలో, చేతిలో ఉన్న ఆర్ఎస్‌యూలు, అంటే జీతంలో భాగంగా కంపెనీ ఇచ్చే షేర్లు, ఐటీవి, వీసా ఆధారపడింది ఐటీ ఉద్యోగం మీద. ఆ రంగం దెబ్బతింటే జీతం, పొదుపు, దేశంలో ఉండే హక్కు మూడూ ఒకే నెలలో కదిలిపోతాయి. నాస్‌డాక్ కాంపొజిట్ 2000 మార్చిలో తాకిన శిఖరాన్ని మళ్లీ దాటడానికి 2015 దాకా పట్టింది. ఆ రోజుల్లో అక్కడి నుంచి తిరిగి వచ్చేసిన మన ఊరివాళ్లు ఉన్నారు. మీ రంగం మీద మీ జీవితం ఇప్పటికే పందెం కాసింది, పొదుపునైనా దాని నుంచి కొంచెం దూరంగా ఉంచండి. ఆర్ఎస్‌యూలు చేతికి రాగానే అమ్మి వీటీలోకో వీటీఐలోకో మార్చమని నేను ప్రతి ఒక్కరికీ చెబుతాను. చేతికి వచ్చిన రోజే వాటి విలువ మీద పన్ను ఎలాగూ పడిపోయింది, వెంటనే అమ్మితే అదనంగా పడేది దాదాపు ఏమీ ఉండదు.

టీక్యూక్యూక్యూ లాంటి మూడింతల ఫండ్ల జోలికి వెళ్లకండి. అవి ఒక్క రోజు కదలికని మూడింతలు చేస్తాయి, ఇరవై ఏళ్ల లాభాన్ని కాదు. సూచీ ఒక రోజు 10 శాతం పెరిగి మర్నాడు 10 శాతం పడితే మీకు పోయేది ఒక శాతం. మూడింతల ఫండులో 30 పెరిగి 30 పడుతుంది, పోయేది 9 శాతం. ఊగిసలాట ఉన్నన్నాళ్లూ ఈ అరుగుదల నడుస్తూనే ఉంటుంది.

ఖర్చు శాతం గురించి కూడా ఒక లెక్క చూపించాలి, ఎందుకంటే మన సంఘాల సమావేశాల్లో పాలసీలు, మేనేజ్డ్ ఖాతాలు అమ్మేవాళ్లు "ఒక్క శాతమే కదా" అంటారు. నెలకి 500 డాలర్ల చొప్పున 25 ఏళ్లు వేశారనుకోండి. ఏడాదికి 7 శాతం వస్తే చివరికి దాదాపు 4 లక్షల 5 వేల డాలర్లు అవుతుంది. ఒక శాతం ఫీజుకి పోయి 6 మిగిలితే 3 లక్షల 46 వేలు. మీరు మొత్తం కట్టింది లక్షన్నర. చివరికి రావాల్సిన దాంట్లో 58 వేలకి పైగా ఆ ఒక్క శాతమే తినేసింది. 7 శాతం వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు, ఫీజు మాత్రం ఖాయంగా పోతుంది.

కొనడం తేలికే. ఫిడెలిటీ, ష్వాబ్, వాన్‌గార్డ్ ఏదైనా సరే, ఈటీఎఫ్ కొనడానికి కమిషన్ లేదు. మీ బ్రోకరు దగ్గర సౌకర్యం ఉంటే జీతం పడిన మర్నాడు ఆటోమేటిక్‌గా కొనేలా పెట్టుకోండి. మీరే కొనేటప్పుడు మాత్రం మార్కెట్ తెరిచిన మొదటి నిమిషాల్లో కొనకండి, ఇంతకు మించిన ధరకి వద్దని చెప్పే లిమిట్ ఆర్డర్ వాడండి.

పడిపోయినప్పుడు ఎలా అన్నది ముందే అనుకోవాలి. 2007 అక్టోబరు నుంచి 2009 మార్చి మధ్య ఎస్ అండ్ పీ 500 సగానికి పైగా పడింది, పాత స్థాయి దాటడానికి 2013 దాకా పట్టింది. ఐదేళ్లలోపు ఇల్లు కొనాలన్నా, చెల్లి పెళ్లికి పంపాలన్నా ఆ డబ్బు ఈటీఎఫ్‌లో ఉండకూడదు.

చివరిగా తిరిగి వచ్చేవాళ్లకి. బీచ్ రోడ్డులో నడుస్తూ "ఇంకో ఐదేళ్లు, తర్వాత వచ్చేస్తాం" అనేవాళ్లు చాలామంది. వచ్చేయండి, సంతోషం. కానీ వీటీఐని అలాగే వదిలేసి రాకండి. అమెరికా పౌరుడు కాని, అక్కడ స్థిరనివాసం లేని మనిషి చనిపోతే, అక్కడి ఫండ్లు 60 వేల డాలర్లు దాటిన విలువ మీద 40 శాతం దాకా ఎస్టేట్ పన్ను పడుతుంది. ఈ పన్నుకి సంబంధించి ఇండియాకీ అమెరికాకీ మధ్య ఒప్పందం లేదు. ముప్పై ఏళ్లు కూడబెట్టింది భార్యాపిల్లల చేతికి రాకముందే తరిగిపోతుంది.

దీనికి మంచి మార్గం ఒకటి ఉంది. తిరిగి వచ్చిన మొదటి రెండేళ్లు, కొందరికి మూడేళ్లు, ఇండియా పన్ను చట్టంలో ఆర్ఎన్ఓఆర్ హోదా, అంటే ఇక్కడ రెసిడెంటే అయినా సాధారణ రెసిడెంట్‌గా లెక్కించని హోదా, దొరుకుతుంది. ఆ కాలంలో విదేశంలో వచ్చిన లాభం మీద సాధారణంగా ఇక్కడ పన్ను లేదు. అమెరికాకి దూరంగా ఉన్న నాన్ రెసిడెంట్‌గా ఈటీఎఫ్ అమ్మితే అక్కడా లాభం మీద పన్ను లేదు. ఆ రెండేళ్లలో అమ్మి, కావాలంటే ఐర్లండ్‌లో నమోదై లండన్‌లో ట్రేడయ్యే ఈటీఎఫ్‌లలోకి మారొచ్చు, వాటికి అమెరికా ఎస్టేట్ పన్ను వర్తించదు. ఇవే ఐర్లండ్ ఫండ్లు అమెరికాలో ఉండగా కొంటే మళ్లీ పీఎఫ్ఐసీ, గుర్తుంచుకోండి. పౌరసత్వం తీసుకున్నవాళ్లకీ, గ్రీన్‌కార్డు వదలనివాళ్లకీ ఈ దారి లేదు. విమానం టికెట్ కొనడానికి ఏడాది ముందే రెండు దేశాల పన్నూ తెలిసినవాళ్లతో కూర్చోండి. బ్రోకరేజ్ వాళ్లకి విశాఖ చిరునామా ఇస్తే ఖాతా మీద ఏ ఆంక్షలు పెడతారో కూడా అప్పుడే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. ఈలోగా ప్రతి ఖాతాలోనూ బెనిఫిషియరీ పేరు నింపి, ఆ ఖాతాల జాబితా మీ భార్యకో భర్తకో ఈ వారమే ఇవ్వండి.